సౌండ్ పెంచితే పాట ఎందుకు పగులుతుంది?

కొంపల్లి దాటి మేడ్చల్ వైపు వెళ్తుంటే జాతీయ రహదారికి రెండు పక్కలా ఫంక్షన్ హాళ్లు కనిపిస్తాయి. రాజీవ్ రహదారి మీద తూంకుంట దాటి షామీర్‌పేట చేరితే ఫామ్‌హౌసులు, రిసార్టులు. పెళ్లిళ్ల కాలంలో ఈ రెండు దారుల్లోనూ రాత్రి పూట పాట వినిపించని కిలోమీటరు ఉండదు. ఆ పాటలు మొదట్లో బాగానే ఉంటాయి. గాయకుడి గొంతు, డప్పు, కీబోర్డు దేనికది తెలుస్తుంటుంది. బరాత్ ఊపందుకున్నాక ఎవరో వెళ్లి మీట తిప్పుతారు. అక్కడి నుంచి గొంతు గరగరలాడుతుంది, డప్పు దెబ్బలోని గుండ్రదనం పోతుంది, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. "పెట్టె మీద వెయ్యి వాట్లని రాసుంది కదా, మరి ఎందుకు పగులుతోంది?" అని అడగని పెళ్లివారుండరు.

ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఇళ్లలోనూ వినిపిస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో అరచేతిలో పట్టే యాంప్లిఫయర్ బోర్డులు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. దానికి పాత లాప్‌టాప్ అడాప్టర్, రెండు స్పీకర్లు తగిలిస్తే ఇల్లంతా పాట. కాలేజీ పిల్లలు, మైక్ సెట్ నడిపేవాళ్లు, గణేశ్ మండపాల కుర్రాళ్లు ఇవి విరివిగా వాడుతున్నారు. వీటన్నిటినీ క్లాస్ డి యాంప్లిఫయర్లు అంటారు. ఇంత చవగ్గా, ఇంత చిన్నగా ఉన్నవి మంచివేనా? వీటిలో ఏది నయమో ఎలా తెలుసుకోవాలి?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ చవక బోర్డుల్లోని చిప్‌లు చాలావరకు మనం అనుకునేదాని కన్నా మేలైనవి. చెడ్డవి వాటి మీద రాసే అంకెలు: వాట్లు, పాట ఎంత పాడవుతుందో చెప్పే శాతం. ఆ శాతాన్ని ఎన్ని వాట్ల దగ్గర, ఏ శ్రుతిలో, ఎన్ని ఓమ్‌ల స్పీకరు మీద కొలిచారో చెప్పకపోతే దానితో రెండు యాంప్లిఫయర్లను పోల్చలేం.

చెరువు, తూము, నీరడి

యాంప్లిఫయర్ చేసే పని చిన్నది. ఫోను నుంచి వచ్చే బలహీనమైన సంకేతం ఎలా పైకీ కిందికీ కదులుతుందో, అడాప్టర్ నుంచి వచ్చే బలమైన కరెంటును అచ్చం అలాగే కదిలించి స్పీకరుకు పంపాలి. ఆకారం మారకూడదు, పరిమాణం పెరగాలి. ఆకారంలో వచ్చే మార్పునే డిస్టార్షన్ అంటారు. దాన్ని మనం వికృతి అందాం.

షామీర్‌పేట పెద్ద చెరువును తలుచుకోండి. చెరువు నిండా నీరుంది. కాల్వలోకి ఎంత వదలాలో ఊరి నీరడి చూసుకుంటాడు. పాత పద్ధతిలో అతను తూము పలకను సగమో పావో ఎత్తి పట్టుకుంటాడు. నీరు ఆ సందులోంచి రాసుకుంటూ వస్తుంది. దాని ఒత్తిడి చాలావరకు పలకను, రాళ్లను ఒరుసుకోవడంలోనే ఖర్చవుతుంది. దశాబ్దాలుగా మన మైక్ సెట్లలో ఉన్న క్లాస్ ఏబీ యాంప్లిఫయర్లు పనిచేసేది ఇలాగే. వాటిలోని ట్రాన్సిస్టర్ సగం తెరిచిన తూము. వృథా అయిన శక్తి వేడిగా మారుతుంది. అందుకే వాటి వెనక అంత పెద్ద అల్యూమినియం రెక్కలుంటాయి.

క్లాస్ డి నీరడి పద్ధతి వేరు. అతను పలకను సగం దగ్గర ఎప్పుడూ నిలపడు. పూర్తిగా తెరుస్తాడు, లేదా పూర్తిగా మూస్తాడు. గంటలో పావు గంట తెరిచి ఉంచితే పావు వంతు నీరు, అరగంట తెరిస్తే సగం నీరు. తూము పూర్తిగా తెరిచినప్పుడు రాపిడి లేదు, పూర్తిగా మూసినప్పుడు ప్రవాహమే లేదు. కాబట్టి వృథా చాలా తక్కువ. నీరు కుదుపులు కుదుపులుగా వస్తుందని మీరు అనవచ్చు. నిజమే. అందుకే తూము కింద ఒక చిన్న మడుగు ఉంటుంది. కుదుపులు అందులో సర్దుకుని, పొలానికి వెళ్లే పిల్లకాల్వలో నీరు నిలకడగా పారుతుంది. క్లాస్ డి బోర్డు మీద కనిపించే తీగచుట్ట, దాని పక్కనున్న కెపాసిటరు కలిసి ఆ మడుగు పని చేస్తాయి. దీన్ని వడపోత అందాం. తెరిచి ఉంచే సమయాన్ని పెంచుతూ తగ్గిస్తూ పాట ఆకారాన్ని గీయడాన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. తెలుగులో తెరుపు నిడివి మార్పు అనవచ్చు.

ఇక వేగం సంగతి. కోఠి బోర్డుల్లో బాగా కనిపించే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ3116 చిప్ ఈ తెరవడం మూయడం సెకనుకు 4 లక్షల నుంచి 12 లక్షల సార్లు చేయగలదు. మనిషి చెవికి అందే అత్యధిక శ్రుతి సెకనుకు 20 వేల కంపనాలు. అందువల్ల కుదుపులు చెవికి అందవు. కానీ రేడియోకు అందుతాయి. మీడియం వేవ్ రేడియో స్టేషన్లు చాలావరకు ఉండేది ఆ పరిధిలోనే. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 7 లక్షల 38 వేల కంపనాల మీద వస్తుంది. వడపోత సరిగా లేని బోర్డును రేడియో పక్కన పెడితే ఈల వినిపించవచ్చు. ఈ ఇబ్బంది తెలిసే టీపీఏ3116లో తెరుపుల వేగాన్ని మార్చుకునే ఏర్పాటు పెట్టారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ 1964లోనే ఎక్స్-10 అనే క్లాస్ డి యాంప్లిఫయర్‌ను విడిభాగాల కిట్‌గా అమ్మాడు. అప్పటి జర్మేనియం ట్రాన్సిస్టర్లు అంత వేగంగా తెరుచుకుని మూసుకోలేకపోయాయి. వికృతీ ఎక్కువే, చుట్టుపక్కల రేడియోలకు గోలా ఎక్కువే. 1970ల చివర్లో సోనీ టీఏ-ఎన్88 వచ్చినా అది సామాన్యుడు కొనే వస్తువు కాదు. అమెరికాలో 1995లో మొదలైన ట్రైపాత్ అనే సంస్థ టీఏ2020 చిప్‌తో క్లాస్ డిని చవక పెట్టెల్లోకి తెచ్చింది. ఆ సంస్థ 2007లో దివాలా తీసింది. కానీ లోకాన్ని మార్చిన 25 చిప్‌ల జాబితాను 2009లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక ప్రకటించినప్పుడు అందులో టీఏ2020 ఉంది. కొన్ని వందలకు బోర్డు దొరకడం వెనక ఇంత కథ ఉంది.

వికృతి ఎక్కడ పుడుతుంది

నీరడి తెరవడం మూయడం తప్పు లేకుండా చేస్తే వికృతే ఉండకూడదు. మరి ఎక్కడ తేడా వస్తుంది?

నిజానికి క్లాస్ డిలో తూములు రెండు. ఒకటి చెరువు నుంచి మడుగులోకి, ఇంకొకటి మడుగు నుంచి దిగువ వాగులోకి. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసి ఉండాలి. రెండూ ఒక్క క్షణం కలిసి తెరుచుకున్నా చెరువు నీరంతా నేరుగా వాగులోకి దూకుతుంది. చిప్‌లో అలా జరిగితే అది కాలిపోతుంది. కాబట్టి ఒకటి మూశాక, రెండోది తెరిచేలోపు చిన్న విరామం ఇస్తారు. దీని పేరు డెడ్ టైమ్. మనం నడిమి ఖాళీ అందాం. ఇది నానోసెకన్లలో, అంటే సెకనులో వంద కోట్లవ వంతుల్లో ఉంటుంది. అంత చిన్న ఖాళీతో ఏమవుతుందని అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. సెకనుకు 4 లక్షల సార్లు తెరిచే తూముకు ఒక్కో చక్రం 2500 నానోసెకన్లు. అందులో 20 నానోసెకన్ల ఖాళీ రెండుసార్లు వస్తే మొత్తం 40. అది చక్రంలో ఒకటిన్నర శాతం పైనే. ఆ కాసేపు ఎంత నీరు వెళ్లాలో నీరడి చేతిలో లేదు. క్లాస్ డి వికృతికి ఇదొక మూలకారణం.

రెండో కారణం చెరువు మట్టం. తూము అరగంట తెరిచినా చెరువు నిండుగా ఉన్నప్పుడు వచ్చే నీరు, ఎండినప్పుడు వచ్చే నీరు ఒకటి కావు. ఇక్కడ చెరువు అంటే అడాప్టర్ వోల్టేజీ. పాటలో బేస్ గట్టిగా వచ్చినప్పుడు నాసి అడాప్టర్ వోల్టేజీ కుంగుతుంది. ఆ కుంగుడు నేరుగా పాట మీద పడుతుంది.

మూడోది మడుగు. చవక బోర్డుల్లో తీగచుట్టను చిన్నదిగా చుడతారు. దానిలోని ఇనుప రకం గుండె కొంత కరెంటు వరకే సరిగా పనిచేస్తుంది. అది దాటితే నిండిపోయి, తన పని మానేస్తుంది. ఒకే చిప్ ఉన్న రెండు బోర్డులు వేరువేరుగా వినిపించడానికి చాలాసార్లు ఈ తీగచుట్టే కారణం. బోర్డు కొనేటప్పుడు అందరూ చిప్ పేరు చూస్తారు. నేనైతే ముందు తీగచుట్టల పరిమాణం, ఆ తర్వాత పెద్ద కెపాసిటర్లు చూడమంటాను. చిప్ మీది అచ్చును మార్చవచ్చు గానీ, చిన్న తీగచుట్టను పెద్దది చేసి చూపించలేరు.

ఈ మూడు తప్పుల్నీ సరిదిద్దే ఉపాయం ఒకటుంది. కాల్వ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, నీరు ఎంత వస్తోందో చూసి "తక్కువైంది, ఇంకాస్త వదులు" అని నీరడికి కేకవేసేలా ఏర్పాటు చేయడం. దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. తెలుగులో మారుకబురు అందాం. ఇప్పుడు దొరికే క్లాస్ డి చిప్‌లు మారుకబురు లేకుండా మంచి పాట వినిపించలేవు. తేడా అంతా ఆ మనిషి నిలబడే చోటులో ఉంది. చవక చిప్‌లు చాలావాటిలో అతను తూము దగ్గరే, మడుగుకు పైన నిలబడతాడు. నడిమి ఖాళీ వల్ల, చెరువు మట్టం వల్ల వచ్చే తప్పులు అతనికి కనిపిస్తాయి. మడుగు చేసే తప్పులు కనిపించవు. మడుగుకు దిగువన నిలబడితే అన్నీ కనిపిస్తాయి గానీ కబురు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆలస్యంగా అందిన కబురుతో నీరడి తికమకపడి నీరు ఎగిసిపడే ప్రమాదం ఉంది. ఈ చిక్కును 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఫిలిప్స్‌లో పనిచేస్తున్న బెల్జియం ఇంజినీరు బ్రూనో పుట్జీస్ చక్కగా విప్పాడు. ఆ ఆలస్యాన్నే లెక్కలో కలుపుకుని, దాన్నే తెరుపుల వేగంగా వాడుకున్నాడు. అలా వచ్చిన ఖరీదైన మాడ్యూళ్లు వికృతి విషయంలో క్లాస్ ఏబీ దిగ్గజాలను దాటిపోయాయి. ఇప్పుడు టీపీఏ3255 చిప్ చుట్టూ కూడా వడపోత తర్వాతి నుంచి మారుకబురు తెచ్చే పద్ధతిని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సే ప్రచురించింది. కొన్ని మధ్యరకం పెట్టెల్లో అది కనిపిస్తోంది. ఆ పద్ధతి ఉందని రాసిన పెట్టెకు కాస్త ఎక్కువ పెట్టినా తప్పు లేదు.

వడపోత తర్వాతి నుంచి వచ్చే మారుకబురు వల్ల ఇంకో లాభం ఉంది. వడపోత తర్వాత కబురు లేని బోర్డుల్లో సన్నని శ్రుతులు స్పీకరును బట్టి మారతాయి. 4 ఓమ్‌ల స్పీకరు పెడితే తాళాల మెరుపు కాస్త మసకబారుతుంది. 8 ఓమ్‌లది పెడితే అదే బోర్డు మీద మెరుపు పెరుగుతుంది. ఇది వికృతి కాదు. కానీ రెండు బోర్డుల్ని పోల్చేవాళ్లు దీన్నే వికృతి అనుకుని పొరబడతారు.

పది శాతం గీత

ఇప్పుడు పెళ్లివారి ప్రశ్నకు వద్దాం. అందులో పై మూడు కారణాల కన్నా పెద్దది ఇంకొకటి ఉంది. తూము పూర్తిగా తెరిచాక ఇంకా తెరవడానికి ఏమీ ఉండదు. పాట 20 వోల్టులు కోరితే, అడాప్టర్ ఇచ్చేది 12 వోల్టులే అయితే, అల పైభాగం 12 దగ్గర తెగిపోతుంది. గుండ్రని కొండ బదులు బల్లపరుపు వస్తుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. మనం తలకోత అందాం.

గుండ్రని అల ఒకే శ్రుతి. దాని తల కోస్తే లోపల కొత్త శ్రుతులు పుడతాయి. అసలు శ్రుతికి మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్ల వేగంతో కంపించేవి. వీటిని అనుస్వరాలు అంటారు. అసలు స్వరంతో పోలిస్తే ఈ కొత్త స్వరాలన్నీ కలిపి ఎంత శాతమో చెప్పేదే మొత్తం అనుస్వర వికృతి. పెట్టెల మీద టీహెచ్‌డీ అని రాసేది ఇదే. అల పూర్తిగా చదరంగా మారిపోతే ఈ అంకె 48 శాతం దాటుతుంది.

తయారీదారులు ఒక చిప్ ఎన్ని వాట్లు ఇవ్వగలదో చెప్పేటప్పుడు వికృతి 10 శాతానికి చేరేదాకా మీట తిప్పి, అక్కడి వాట్లను రాస్తారు. ఇది దొంగతనంగా చేసే పని కాదు, చిప్‌తో ఇచ్చే సాంకేతిక పత్రాల్లో స్పష్టంగానే ఉంటుంది. టీపీఏ3255 పత్రం చూడండి. 4 ఓమ్‌ల స్పీకరు మీద 10 శాతం వికృతి దగ్గర ఒక్కో పక్క 315 వాట్లు. 1 శాతం దగ్గర 260 వాట్లు. పెట్టె మీదికి ఎక్కేది మొదటి అంకె. ఈ రెండింటికీ మధ్య శబ్దంలో తేడా ఎంత? ఒక డెసిబెల్ కూడా కాదు. అంత చిన్న తేడాను చెవి గుర్తించడమే కష్టం. దాని కోసం వికృతి పదింతలైంది. చివరి చిటికెడు మీట తిప్పడం వల్ల పాట గట్టిగా వినిపించడం లేదు, పగలడం మాత్రమే పెరుగుతోంది. ఈ ఒక్క సంగతి మైక్ సెట్ నడిపేవాళ్లందరికీ చేరాలని నా కోరిక.

అసలు అన్ని వాట్లు వస్తాయా అనేది వేరే లెక్క. దీనికి చదువు అక్కర్లేదు. అడాప్టర్ వోల్టేజీని దానితోనే గుణించి, స్పీకరు ఓమ్‌ల రెట్టింపుతో భాగించండి. తలకోత లేకుండా ఒక్కో పక్క వచ్చే గరిష్ఠ వాట్లు దాదాపు అవే. నష్టాల వల్ల ఇంకాస్త తగ్గుతాయి. 12 వోల్టుల అడాప్టర్, 4 ఓమ్‌ల స్పీకరు అయితే 12ను 12తో గుణిస్తే 144, దాన్ని 8తో భాగిస్తే 18. బోర్డు మీద 100 వాట్లని రాసినా, 12 వోల్టుల మీద వచ్చేది 18 వాట్లే. 8 ఓమ్‌ల స్పీకరు పెడితే 9. పాత లాప్‌టాప్‌ల 19 వోల్టుల అడాప్టర్‌తో 4 ఓమ్‌ల మీద 45. 24 వోల్టులతో 72. టీపీఏ3116 పత్రంలో 21 వోల్టుల మీద, 4 ఓమ్‌లకు, ఒక్కో పక్క 50 వాట్లని ఉంటుంది. మన లెక్కలోనూ 55 వస్తుంది కదా, సరిపోయింది. రెండు యాభైలను కలిపి వంద అంటారు. బాగా చవకైన పీఏఎం8403 చిప్‌కు 5 వోల్టుల మీద 3 వాట్లని రాస్తారు. మన లెక్కలోనూ 3 పైచిలుకే. పత్రంలోని ఆ 3 వాట్లు మాత్రం 10 శాతం గీత దగ్గర కొలిచినవి.

అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రెండూ రాసి ఉంటాయి. వాటిని గుణిస్తే అది ఇవ్వగల మొత్తం వాట్లు. పెట్టె మీద 300, 300 అని రాసి, లోపల 48 వోల్టులు 5 ఆంపియర్ల అడాప్టర్ పెడితే అది ఇచ్చేది 240. చెరువులో లేని నీరు తూములోకి రాదు.

గరగర విన్న మనిషికి శబ్దం ఎక్కువైనట్టే అనిపిస్తుంది. కారణం అనుస్వరాలు. అవి చెవి చురుగ్గా వినే శ్రుతుల్లో పడతాయి. డప్పు 100 హెర్ట్జ్ దగ్గర మోగితే దాని తలకోతలో పుట్టిన స్వరాలు వెయ్యి, రెండు వేలు, మూడు వేల దగ్గర గుచ్చుతాయి. మన మాటల హల్లులు తెలిసేది కూడా ఆ పరిధిలోనే. అందుకే పగిలిన పాటలో మాటలు అర్థం కావు. ఆ అదనపు సన్నని శక్తితోనే ట్వీటర్లు, అంటే సన్నని శ్రుతుల కోసం పెట్టే చిన్న స్పీకర్లు, కాలిపోతాయి. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000లో వచ్చిన కేంద్ర నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వద్దన్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఈ నియమాలు కొలిచేది శబ్ద తీవ్రతను. వికృతిని కాదు. కానీ పక్కింటి పెద్దాయనకు తలనొప్పి తెప్పించేది సగం తీవ్రతైతే, సగం ఈ గుచ్చుకునే అనుస్వరాలు. అదే పాటను తలకోత లేకుండా వినిపిస్తే తక్కువ తీవ్రతలోనే మాటలు స్పష్టంగా తెలుస్తాయి. మీట పెంచాలనే కోరిక కూడా తగ్గుతుంది.

ఒక్క అంకెతో పోల్చలేం

టీపీఏ3116కు 0.1 శాతం, టీపీఏ3255కు 0.006 శాతం అని చదివితే రెండోది పదహారు రెట్లు మేలనిపిస్తుంది. కానీ మొదటి అంకె 25 వాట్ల దగ్గర కొలిచింది, రెండోది 1 వాట్ దగ్గర. రెండోదే మేలైనదన్నది నిజం. ఎన్ని రెట్లన్నది మాత్రం ఈ రెండు అంకెలు చెప్పలేవు.

వాట్లను పెంచుతూ వికృతిని గీస్తే ఒక వంపు వస్తుంది. ఎడమ చివర, చాలా తక్కువ వాట్ల దగ్గర, వికృతి ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ ఉన్నది నిజంగా వికృతి కాదు, యాంప్లిఫయర్ సహజమైన బుస. పాట మరీ చిన్నదైతే బుస వాటా పెద్దదిగా తేలుతుంది. వాట్లు పెరిగేకొద్దీ గీత దిగుతుంది. మధ్యలో నడిమి ఖాళీ ప్రభావం మొదలై కాస్త లేస్తుంది, లేదా తిన్నగా సాగుతుంది. తర్వాత ఒక్కచోట మోకాలు మడిచినట్టు వంగి నిట్టనిలువుగా పైకి వెళ్తుంది. అక్కడే తలకోత మొదలు. ఇంట్లో మామూలుగా పాట వినడానికి సగటున ఒకటి రెండు వాట్లు చాలు. కాబట్టి ఇంటికి కొనేవాళ్లకు గీత ఎడమ భాగం, ఆ బుస ముఖ్యం. ఫంక్షన్ హాలుకు మోకాలు ఎక్కడుందన్నది ముఖ్యం. ఒకరికి మంచిదైన బోర్డు ఇంకొకరికి మంచిది కాకపోవచ్చు.

ఇదొక్క వంపు కూడా చాలదు. అంకెలన్నీ సాధారణంగా 1000 హెర్ట్జ్ దగ్గర కొలుస్తారు. శ్రుతి పెరిగేకొద్దీ మారుకబురుకు సమయం చాలదు. 6000 హెర్ట్జ్ దగ్గర అదే బోర్డు ఎన్నో రెట్లు ఎక్కువ వికృతి చూపవచ్చు. ఇక్కడే ఇంకో మెలిక. 10 వేల హెర్ట్జ్ దగ్గర కొలిస్తే మూడో అనుస్వరం 30 వేలకు పోతుంది. కొలిచే యంత్రం 20 వేల పైనున్నదంతా వడకడితే బోర్డు నిర్దోషిగా తేలుతుంది. క్లాస్ డిని కొలిచేటప్పుడు తెరుపుల కుదుపుల్ని వడకట్టక తప్పదు, కాబట్టి ఇది ఎవరి మోసమూ కాదు. కాకపోతే అక్కడ రెండు స్వరాల పరీక్ష చేయాలి. 19 వేలు, 20 వేల హెర్ట్జ్‌లను కలిపి పంపితే, వంకరున్న యాంప్లిఫయర్ రెండింటి తేడా అయిన 1000 హెర్ట్జ్‌ను పుట్టిస్తుంది. పంపని స్వరం వచ్చిందంటే అది యాంప్లిఫయర్ కల్పించిందే.

అన్ని అనుస్వరాలూ చెవికి ఒకటి కావన్నది ఇంకా పెద్ద విషయం. అసలు స్వరానికి రెండు రెట్ల అనుస్వరం సరిగ్గా పై స్థాయి షడ్జం. పాటలో కలిసిపోతుంది. ఏడో, తొమ్మిదో రెట్లవి అపస్వరాలుగా తోస్తాయి. బీబీసీ ఇంజినీరు షార్టర్ 1950లోనే పై అనుస్వరాలకు వాటి స్థాయిని బట్టి ఎక్కువ బరువు ఇచ్చి లెక్కించాలని ప్రతిపాదించాడు. పరిశ్రమ ఆ మాట పెద్దగా వినలేదు. విని ఉంటే పెట్టెల మీది అంకెలకూ చెవికీ ఇంత దూరం ఉండేది కాదు. ఇక స్పీకర్ల సంగతి మరవొద్దు. మంచి స్పీకరు కూడా గట్టిగా మోగినప్పుడు బేస్‌లో 1 శాతం, అంతకు మించి వికృతి చేస్తుంది. 0.01 శాతం బోర్డు తీసి 0.001 శాతం బోర్డు పెడితే చెవికి తెలుస్తుందని నేను నమ్మను. ఆ డబ్బు స్పీకరుకు, అడాప్టర్‌కు పెట్టడం మేలు.

ఇంట్లో కొలవడం

కొలిచి నమ్మడం మేడ్చల్ ప్రాంతానికి కొత్త కాదు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇసిఐఎల్ 1967లో మొదలైంది. కుషాయిగూడ దగ్గరి ఆ ప్రాంగణం పక్కన ఆయన పేరుతోనే ఏ.ఎస్.రావు నగర్ ఉంది. జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ క్యాంపస్, కండ్లకోయ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి విద్యార్థులకు రెండు చవక బోర్డుల వికృతిని పోల్చడం చక్కటి ప్రాజెక్టు. లక్షల ఖరీదు చేసే యంత్రాలు అక్కర్లేదు.

ఒక లాప్‌టాప్, మైక్ కాకుండా లైన్ ఇన్‌పుట్ ఉన్న సౌండ్ కార్డు, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్, స్పీకరుకు బదులు 8 ఓమ్‌ల 50 వాట్ల పెద్ద రెసిస్టరు చాలు. రెసిస్టరు బాగా వేడెక్కుతుంది, చెక్క మీద పెట్టొద్దు. బోర్డు ఔట్‌పుట్‌ను నేరుగా సౌండ్ కార్డుకు ఇస్తే కార్డు పోతుంది. 10 వేల ఓమ్‌లు, వెయ్యి ఓమ్‌లు వరసగా పెట్టి పదకొండో వంతు మాత్రమే తీసుకోవాలి.

ఒక జాగ్రత్త అన్నిటి కన్నా ముఖ్యం. ఈ బోర్డుల్లో స్పీకరు మైనస్ తీగ భూమి తీగ కాదు. దాని మీద అడాప్టర్ వోల్టేజీలో సగం నిలిచి ఉంటుంది. స్వరాన్ని పంపేదీ, తిరిగి కొలిచేదీ ఒకే లాప్‌టాప్ అయితే ఆ మైనస్ తీగ నేరుగా భూమికి కలిసి బోర్డు కాలిపోవచ్చు. అందుకే స్వరాన్ని చార్జింగ్‌లో లేని ఫోను నుంచి పంపండి. లాప్‌టాప్‌ను కూడా చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. బోర్డు కలిపి ఉన్నంతసేపు ఆ రెండింటికీ మధ్య నేరుగా ఏ తీగా ఉండకూడదు.

మొదట బోర్డు లేకుండా ఫోనును నేరుగా సౌండ్ కార్డుకు కలిపి కొలవండి. అక్కడ వచ్చిన వికృతి మీ పరికరాలది. ఆ మట్టం కన్నా దిగువనున్నది ఏదీ మీకు కనిపించదు. తర్వాత బోర్డు పెట్టండి. 8 ఓమ్‌ల మీద 2.83 వోల్టులు వస్తే 1 వాట్, 6.3 వోల్టులు వస్తే 5 వాట్లు. చవక మల్టీమీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపుతాయి, కాబట్టి వోల్టేజీని 100 హెర్ట్జ్ స్వరంతో సరిచూసుకుని, ఆ తర్వాత శ్రుతి మార్చండి. 1 వాట్ నుంచి మెల్లగా పెంచుతూ మోకాలు ఎక్కడ వంగుతోందో రాసుకోండి. 6000 హెర్ట్జ్ దగ్గర మళ్లీ చేయండి. చివరగా 50 హెర్ట్జ్ స్వరంతో, మొదట బోర్డుతో వచ్చిన అడాప్టర్ పెట్టి, తర్వాత మంచి లాప్‌టాప్ అడాప్టర్ పెట్టి చూడండి. వోల్టేజీ కాస్త పెరిగినందుకు మోకాలు కుడికి జరగడం మామూలే. మోకాలికి ముందు, అవే వాట్ల దగ్గర కూడా వికృతి తగ్గితే, దాని అర్థం పాత అడాప్టర్ బేస్ దెబ్బకు కుంగుతోందని. అప్పుడు కోఠికి మళ్లీ వెళ్లినా, కొనాల్సింది ఇంకో బోర్డు కాదు, 24 వోల్టులు 6 ఆంపియర్ల అడాప్టర్. టీపీఏ3116 తట్టుకునేది 26 వోల్టుల వరకే, అంతకు మించింది కొనొద్దు.